తలుపులో నిలిచిన నీళ్లు

మౌలాలి మేస్త్రిని ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పడు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పనిముట్టు పెట్టి పని చూపిస్తాడు. నేనోసారి మోకాళ్ల నొప్పులకు మంచి డాక్టరు ఎవరున్నారని అడిగితే, స్క్రూడ్రైవరు ఇచ్చి జీపు కింద దూరమన్నాడు. దూరాను. నొప్పి తగ్గలేదు గానీ, డాక్టరు సంగతి అడగడం మాత్రం మర్చిపోయాను. గుంటూరు ఆటోనగర్లో బండ్ల కరెంటు పనికి నలభై ఏళ్లుగా ఆయనదే పేరు. ఆయన షెడ్డు పక్కనే నాది సీట్లు కుట్టే కొట్టు. బండిలో సీటు ఊడదీయాల్సి వచ్చినప్పుడల్లా నన్ను పిలుస్తాడు గనక, శిష్యులకు ఆయన చెప్పిన జవాబులు చాలావరకు నా కళ్లముందే జరిగాయి.

ఆ శిష్యుల్లో చివరిదాకా నిలిచినవాడు ఏసుపాదం. ముప్పై ఆరేళ్లవాడు, పదిహేనేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు. పనిమంతుడు. తప్పు కనబడితే క్షణం ఊరుకోలేడు, చెయ్యి దానంతటదే పోతుంది. "అయిపోయింది" అనే మాట పని మొదలుపెట్టకముందే వాడి నోట్లో తయారుగా ఉంటుంది. ఎనిమిది నెలల కిందట వాడి భార్య సలోమి పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి వాడు షెడ్డు తెరవడానికి అందరికంటే ముందు వస్తాడు, మూసేటప్పుడు అందరికంటే వెనక పోతాడు. ఒక్కడికి అన్నం వండుకోవడం ఇంకా చేతకాలేదు. రోజూ ఇద్దరికి సరిపడా వండి, మిగిలింది మర్నాడు డబ్బాలో పెట్టుకొస్తాడు.

వానలు ముమ్మరంగా ఉన్న ఒక శుక్రవారం పొద్దున, షట్టరు పైకి లేపుతూనే గురువును అడిగాడు.

"గురువుగారూ, ఎల్లుండి ఆదివారం ఆరాధన అయినాక సలోమి వాళ్లన్న పెద్దమనుషుల్ని కూర్చోబెడతన్నాడు. కలిసుంటారో విడిపోతారో ఆ రోజే తేల్చుకోమంటన్నాడు. నేను తాగలేదు, కొట్టలేదు, జీతం దాచుకోలేదు. తప్పెక్కడుందో ఎంత వెతికినా దొరకట్లేదు. ఎక్కడుందంటారు? మీరొచ్చి నా తరఫున ఒక్క మాట చెప్పండి."

వాడు చెప్పినవన్నీ నిజాలే. చెప్పనిది కూడా మాకు తెలుసు. రెండేళ్ల కిందట వాళ్లకు ఆడపిల్ల పుట్టి, పుట్టిన రోజే పోయింది. సలోమి ఆ పిల్ల గోళ్ల గురించో, తలమీది జుట్టు గురించో మాట ఎత్తబోయేది. ఏసుపాదం వెంటనే, "అయిపోయిందాన్ని తలుచుకుని ఏం లాభం" అనేవాడు. అని ఊరుకోలేదు పాపం. ఆమె ముఖం చిన్నబోయినప్పుడల్లా ఇంటికి ఏదో ఒకటి కొనుక్కుపోయాడు. మిక్సీ కొన్నాడు, టీవీ కొన్నాడు, కుట్టుమిషను కొన్నాడు. అదంతా ప్రేమేనని నేను ఎవరి ముందైనా చెబుతాను. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు, "ఏడాది తిరిగేలోపు మళ్లీ ఎత్తుకుంటావులేమ్మా" అన్నాను. గుమ్మంలో నిలబడి ఆమె నావంక చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ తర్వాత ఆమె పిల్ల మాట ఎత్తడం పూర్తిగా మానేసింది. ఇల్లు బాగుపడిందని మేమంతా అనుకున్నాం. ఆపైన తడి తువ్వాలు మంచం మీద వేశాడని ఒక గొడవ, కిటికీ గడియ పెట్టలేదని ఒక గొడవ, కూరలో ఉప్పు చాల్లేదన్నాడని ఒక గొడవ. చివరికి ఒకరోజు గొడవేమీ లేకుండానే సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

మౌలాలి పనిముట్ల పెట్టె ముందుకు లాక్కున్నాడు. ఈలోపు వీధి మలుపులో ఒక హారను ఆగకుండా మోగడం వినబడింది. పశువుల డాక్టరమ్మ హైమావతిగారి బండి అది. ఊళ్లమ్మట బురదదారుల్లో తిరగాలని ఆమె రెండేళ్ల కిందట ఆ పెద్ద బండిని సెకండ్ హాండ్‌లో కొన్నారు. ఈ వానాకాలంలో షెడ్డుకు రావడం ఇది మూడోసారి. ఏసుపాదం పరుగున వెళ్లి హారను తీగ పీకాక గానీ ఆమె మాట మాకు వినబడలేదు.

"నిన్న ఒక గేదెకు కష్టమైందంటే వెళ్లాను మేస్త్రిగారూ. నేను దిగగానే తాళాలు వాటంతటవే పడ్డాయి. మందులపెట్టె లోపల, నేను బయట వానలో. గంటసేపు నిలబడ్డాను. ఈసారి బాగవకపోతే తుక్కుకింద అమ్మేస్తాను. ఇంకోటి కూడా ఉంది. బ్రేకు వేస్తే ఎక్కడో నీళ్లు కదిలిన చప్పుడవుతోంది. పోయినసారీ చెప్పాను, తర్వాత ఫోనులోనూ చెప్పాను."

"అది డీజిల్ ట్యాంకు చప్పుడమ్మా. నేను చూసుకుంటాగా," అన్నాడు ఏసుపాదం.

మౌలాలి చేతులు తుడుచుకుని ఆమె దగ్గరకు వచ్చాడు. "ఎటుపక్క వినబడుద్దమ్మా?"

"నా కుడి మోకాలి దగ్గర."

ట్యాంకు ఉండేది వెనకాల. ఆ సంగతి ఏసుపాదానికి చెప్పక్కర్లేదు. మౌలాలి ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి, ఆమె చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. ఆవిడ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లిపోయారు.

ఆ బండికి అంతకుముందు జరిగిన వైద్యం కూడా చెప్పాలి. జూన్‌లో డ్రైవరు వైపు కార్పెట్టు తడుస్తోందని ఆమె మొదటిసారి తెచ్చారు. ఏసుపాదం సర్వీసింగు మోటారుతో నాలుగువైపులా జోరుగా నీళ్లు కొట్టాడు. ఆ జోరుకు ఎక్కడినుంచైనా నీళ్లు దూరతాయి. చుక్క కనబడ్డ ప్రతి సందుకూ సిలికాన్ జిగురు పట్టించి, "అయిపోయిందమ్మా" అని పంపాడు. నెల తిరక్కుండా కరెంటు చేష్టలు మొదలయ్యాయి. అద్దం దానంతటదే దిగేది, వైపర్లు ఎండలో తిరిగేవి, బ్యాటరీ పొద్దునకల్లా చచ్చిపోయేది. రెండోసారి వస్తే బ్యాటరీ మార్చాడు, హారను స్విచ్చి మార్చాడు, ఫ్యూజులు మార్చాడు. అప్పుడూ అయిపోయిందనే పంపాడు.

మౌలాలి నన్ను పిలిచి ముందు సీట్లు, కార్పెట్టు తీయించాడు. కార్పెట్టు అడుగు ముక్కిపోయి వాసన కొడుతోంది. డ్రైవరు సీటు కింద తీగలన్నీ వచ్చి కలిసే ప్లగ్గుకు పచ్చగా చిలుము పట్టింది. ఏసుపాదం మొహం వెలిగిపోయింది.

"దొరికింది గురువుగారూ! ఈ ప్లగ్గు మారిస్తే అయిపోద్ది."

"ప్లగ్గు తడిసింది సరే. తడిపిందెవరు?" అని వాడి చేతిలో టార్చిలైటు పెట్టాడు మౌలాలి. "లోపల కూర్చో. నేను అద్దం మీద తట్టేదాకా తలుపు తియ్యబాక. ఏం కనబడినా అరవబాక. చూస్తా ఉండు."

"పెద్దోళ్లు, మీరెందుకు తడవడం? నీళ్లు నేను పడతా, మీరు లోపల కూర్చోండి."

"ఇన్నాళ్లూ నువ్వే పట్టావుగా."

వాడు సీట్లు లేని వట్టి ఇనుము మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. మౌలాలి తలుపులన్నీ వేశాడు. మోటారు జోలికి పోలేదు. కుళాయికి ట్యూబు తగిలించి, మొక్కలకు పోసినట్టు సన్నగా, ముందు చక్రాల దగ్గర మొదలుపెట్టాడు. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏ దారిన వచ్చిందో ఎవరికీ తెలియదు. అందుకని కింద నుంచి పైకి, ఒక్కో చోట పావుగంట చొప్పున పట్టుకుంటూ వచ్చాడు. నేను అరగంటలో విసిగిపోయి టీ తెప్పించాను. ఇద్దరం తాగాం. ఆయన మనవడి స్కూలు గురించి ఏదో చెబితే నేను నవ్వాను కూడా.

నవ్వుతూ అటు చూస్తే, నీళ్లు జారే అద్దం వెనక ఏసుపాదం మమ్మల్నే చూస్తున్నాడు. మా మాటలు వాడికి వినబడవు, మా నవ్వు మాత్రం కనబడుతోంది. మూడడుగుల దూరంలో ఉన్నాడు. చెయ్యి ఊపుదామనుకున్నాను గానీ లేవలేదు. ఆ చూపు నేను వాళ్లింటి గుమ్మంలో చూసిందే. టీ గ్లాసు కింద పెట్టేశాను. నాకు చాలా సిగ్గేసింది.

గంటన్నర దాటాక నీళ్లు తలుపు అద్దాల మీదికి వచ్చాయి. మరో పావుగంటకు వైపర్లు ఒక్కసారి లేచి పడ్డాయి. తాళాలు టకటకా కొట్టుకున్నాయి. లోపల దీపం వెలిగి ఆరి వెలిగింది. ఇంకో రోజయితే వాడు ఈపాటికి తలుపు తన్నుకుని బయటికి దూకేవాడు. ఆరోజు కదల్లేదు. టార్చిలైటు వెలుగు మాత్రం మెల్లగా తలుపు అడుగుకు జరిగి అక్కడే ఆగిపోయింది. మౌలాలి కుళాయి కట్టేసి, ఇంకో పది నిమిషాలు ఊరికే నిలబడి, అప్పుడు అద్దం మీద తట్టాడు.

వాడు దిగాడు. కాళ్లు తిమ్మిరెక్కి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను జిగురు పెట్టిన సందుల్లోంచి ఒక్క చుక్క రాలేదు గురువుగారూ. తలుపులోంచే వస్తన్నాయి. కింద నుంచి ఉబికి, అంచు దాటి, ప్లగ్గు మీదికి పోతన్నాయి. లోపలున్నంతసేపూ ఆ చప్పుడు వినబడతానే ఉంది."

మౌలాలి స్క్రూడ్రైవరు ఇచ్చి తలుపు అడుగు చూపించాడు. అద్దం దిగే సందులోంచి ఏ బండికైనా తలుపులోకి నీళ్లు దిగుతాయి. అందుకే తయారుచేసినవాళ్లు తలుపు అడుగున మూడు చిల్లులు పెడతారు, దిగినవి దిగినట్టు బయటికి పోవడానికి. ఏసుపాదం నేలమీద వెల్లకిలా పడుకుని చూశాడు. మూడు చిల్లులూ జిగురుతో మూసి ఉన్నాయి. శుభ్రంగా, అందంగా మూసి ఉన్నాయి. మధ్య చిల్లు మీద, తడి జిగురును నొక్కి సాపుచేసినప్పటి బొటనవేలి గుర్తు గీతలతో సహా కనబడుతోంది. అది ఎవరి వేలో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

మొదటి చిల్లు పొడవగానే నీళ్లు వాడి చేతిమీదుగా మోచేతిదాకా కారాయి. తుప్పు రంగులో, మురిగిన వాసనతో వచ్చాయి. నేను బక్కెట్టు తెచ్చి పెట్టాను. అది సగం దాటి నిండినా ధార ఆగలేదు. వాడు లేచి కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి నిలవున్నాయో," అన్నాడు.

తర్వాత ఏడ్చాడు. చేతికున్న మడ్డి మొహమంతా పులుముకుని, చిన్నగా, చాలాసేపు ఏడ్చాడు. పిల్లను సమాధుల దొడ్డికి తీసుకుపోయిన రోజున కూడా వాడి కంట నీరు చూసినవాళ్లు లేరు. ఆరోజు పెట్టె తేవడం దగ్గర్నుంచి పలుగూ పారా వెతకడం దాకా అన్నీ తనే చూసుకున్నాడు. ఇప్పుడు నేను ఓదార్చబోయి నోరు తెరిస్తే మౌలాలి నా భుజం మీద చెయ్యి వేశాడు. 

నాలుగు తలుపుల చిల్లులూ అలాగే తెరిచి, ప్లగ్గు మార్చి, తీగలు ఆరబెట్టేసరికి సాయంత్రమైంది. హైమావతిగారు వచ్చి బండి స్టార్టు చేసి, వీధి చివరిదాకా పోయి, బ్రేకు వేసి చూసుకుని వచ్చారు. చప్పుడు లేదు. ఏసుపాదం ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. మీరు చెబుతానే ఉన్నారు. నేనే వినలేదు."

"పోనీలే. ఇంక నీళ్లు రావుగా?"

"వస్తాయమ్మా. వానలో తిరిగే బండి గదా. వచ్చినవి పోతాయి."

ఆమెకు ఆ జవాబు అంతగా నచ్చినట్టు లేదు. అయినా తలూపి వెళ్లిపోయారు. వాన మళ్లీ అందుకుంది. ఏసుపాదం పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దాడు. మామూలుగా ఆ తర్వాత చెయ్యడానికి ఏదో ఒక పని వెతుక్కుంటాడు. ఆరోజు వెతుక్కోలేదు. గురువు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"రేపు సెలవు కావాలి గురువుగారూ. పెద్దమనుషులు కూర్చోకముందే సలోమి దగ్గరికి ఒకసారి వెళ్లొస్తా. మీరు రావద్దులే, నేనొక్కణ్ణే పోతా."

మౌలాలి సరేనన్నాడు. వాడు కదల్లేదు. తల వంచుకుని అడిగాడు.

"వెళ్లి ఏం చెప్పమంటారు?"

మౌలాలి తడి ట్యూబును చుట్టలు చుట్టి కొక్కేనికి తగిలించి, వాడివైపు తిరిగాడు.

"పొద్దున రెండు గంటలు లోపల కూర్చుని ఆ చప్పుడు విన్నావు గదరా. అప్పుడేం చెప్పావు?"