కళ్లాపి మీద అడుగులు

ఒకానొక రాజ్యంలో, రాజుగారు అడుగుపెట్టే చోటల్లా ముందుగా ఊడ్చి, కళ్లాపి జల్లి, ముగ్గు పెట్టాలని కట్టడి ఉండేది. ఆ రాజు పేరు చండకీర్తి. ఎంతటి నేరస్థుణ్నయినా ఒక్క చూపుతో పట్టేస్తానని ఆయనకు మహా ధీమా. కాదనే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

ఓ ఉదయం అశ్వశాల అధికారి బసవప్ప తన ముంగిట్లో చచ్చి పడి ఉన్నాడు. ఎవరో గొంతు నులిమేశారు. నేనే స్వయంగా విచారిస్తానన్నారు రాజుగారు. ఇంకేముంది, పరివారం పరుగున వెళ్లి, శవాన్ని అరుగు మీదికి చేర్చి, ముంగిలంతా శుభ్రంగా ఊడ్చి, కళ్లాపి జల్లి, ముగ్గు కూడా పెట్టేసింది. తమ అడుగులు ఏలినవారి కంట పడకూడదని వెనక్కి నడుస్తూ వాటినీ చెరిపేసింది.

రాజుగారు వచ్చేసరికి తడినేల మీద ఒకే ఒక్క మనిషి అడుగులున్నాయి. బసవప్ప కింద పనిచేసే వీరమల్లు ముందుకొచ్చి, అవి గడ్డిమోపులు మోసే పోలయ్యవని చెప్పాడు. రాజుగారు మీసం మెలేసి, పొద్దు గుంకేలోగా పోలయ్యను కొరత వేసి చంపమన్నారు. మోపు దించడానికి ఇప్పుడే వచ్చానని వాడెంత మొత్తుకున్నా విన్నవాడు లేడు. వాడి పెళ్లాం ఏడుస్తూ వెళ్లి విదూషకుడు కొమ్మన కాళ్ల మీద పడింది.

రాజుగారిది తప్పంటే పోలయ్య పక్కన తనకూ చోటు చూస్తారని కొమ్మనకు భయం వేసింది. అయినా ఊరుకోలేదు. ముంగిలి ఊడ్చినవాళ్లను పట్టుకుని చెత్త ఎక్కడ పోశారో కనుక్కున్నాడు. ముక్కు మూసుకుని పెంటకుప్పంతా కెలికి, దొరికినదాన్ని గుప్పిట్లో పెట్టుకుని నేరుగా సభకు వెళ్లాడు.

"ప్రభూ, కళ్లాపి మీది అడుగులే సాక్ష్యమైతే పోలయ్యతో పాటు ఇంకో హంతకుడున్నాడు. పేరు చెప్పడానికి నోరు రావడం లేదు."

"ఎవడైనా సరే, కొరతే. చెప్పు."

"ముగ్గు తొక్కుకుంటూ మరీ వెళ్లాడు. కాళ్లకు వెండి పావుకోళ్లున్నాయి."

సభలో అందరి చూపులూ రాజుగారి పాదాల మీదికి వెళ్లాయి. రాజ్యం మొత్తానికి వెండి పావుకోళ్లు తొడిగేది ఒక్కరే మరి. రాజుగారి మొహం కందగడ్డయింది.

"నేను వెళ్లింది కళ్లాపి జల్లాక కదయ్యా! బసవప్ప అప్పటికే పోయాడు."

"పోలయ్య వెళ్లిందీ అప్పుడే ప్రభూ."

మరి చంపిందెవరని రాజుగారు మెల్లగా అడిగారు. కొమ్మన గుప్పిట విప్పాడు. అందులో నెత్తురంటిన చెవిపోగు ఉంది. పెనుగులాటలో బసవప్ప దాన్ని లాగేసి ఉంటాడనీ, తమరి కోసం ఊడ్చిన చెత్తలో అదీ కొట్టుకుపోయిందనీ విన్నవించాడు.

అందరూ తలపాగాలు తీయండని ఆజ్ఞ అయింది. అంత ఉక్కలోనూ చెవుల మీదికి తలపాగా లాక్కుని కూర్చున్న వీరమల్లు మాత్రం కదల్లేదు. భటులు తీసి చూస్తే కుడి చెవి తమ్మె తెగి ఉంది. బసవప్ప పదవి మీద ఆశతోనే ఇంత పని చేశానని వాడు అక్కడే ఒప్పుకున్నాడు.

పోలయ్య సంకెళ్లు ఊడాయి. రాజుగారు తన మెడలోని ముత్యాలహారం తీసి కొమ్మనకు వేయబోయి, ఎందుకో ముక్కు చిట్లించి వెనక్కి తగ్గారు. ఇంకేమైనా కావాలా అని దూరం నుంచే అడిగారు.

"రెండే ప్రభూ. ఇకమీదట శవమున్న చోటికి మీకంటే ముందు చీపురు వెళ్లకూడదు. రెండోది, నాకు స్నానానికి సెలవిప్పించండి."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. హారాన్ని కొమ్మన స్నానం చేసి వచ్చాకే, తన చేత్తో మెడలో వేశారు.