పేరిందేవమ్మ హెడ్‌సెట్టు

మిరపతోట మీద మబ్బమ్మా
మెల్లంగా ఏడికి పోతావమ్మా
కడవల నీళ్లు ఎవరికి మోస్తావే
కన్నెపిల్లలం మేమడిగితే...

అడిగితే? మబ్బు ఏం చెప్పింది?

పేరిందేవమ్మకు పాట ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది. చిన్నప్పుడు మిరపకాయ కోతకు పోయి పాడిన పాట అది. సాలు పొడుగునా ఆడపిల్లలు వంగి కాయ తెంపుతూ ఉంటే ఒకతె ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. మబ్బు ఏదో జవాబు చెప్పేది. ఆ జవాబు రాగానే అందరూ నడుములు నిలబెట్టి పకపకా నవ్వేవాళ్లు. ఆ నవ్వు గుర్తుంది. జవాబు గుర్తు లేదు.

ఆ పాట మొత్తం వచ్చిన మనిషి ఇప్పుడు ఒక్కతే మిగిలింది, సైదాబీ. ఇద్దరూ ఒక ఈడువాళ్లు, పక్కపక్క సాళ్లలో కాయ కోసినవాళ్లు. సైదాబీ గొంతులో గడ్డ లేచి గుంటూరు ఆసుపత్రిలో ఉంది. రేప్పొద్దున ఆపరేషను. ఆ తర్వాత గొంతు పలుకుతుందో పలకదో మేం చెప్పలేం అన్నారు డాక్టర్లు.

పాట వస్తే ఇయ్యాలే రావాలి.

పేరిందేవమ్మ ఉండేది మాచర్ల దాపున ఒక చిన్న మఠంలో. నాపరాళ్లు పరిచిన రెండు గదులు, ఒక వసారా. బాలకోటయ్య గురువుగారు ఒకప్పుడు ఆ రాళ్లు కొట్టిన మనిషే. తత్వాలు పాడతాడు, పాడిస్తాడు. చెప్పేది తక్కువ. అరవై దాటాక పేరిందేవమ్మ ఆయన దగ్గరే అక్షరాలు దిద్దింది. దిద్దడంతో ఊరుకోలేదు, మఠానికి ఎవరో ఇచ్చిన పాత లాప్‌టాప్ మీద తత్వాలన్నీ ఎక్కిస్తోంది. నోట్లో ఉండే మాట వేలితో నొక్కితే తెర మీదకొచ్చి కూర్చోవడం ఆమెకు ఇప్పటికీ వింతే. ఒక్కోసారి ‘అ’ నొక్కి, వచ్చిందా అని చూసుకుని, చెరిపి, మళ్లీ నొక్కేది.

అక్షరాలతోబాటు ఇంకోటి కూడా వచ్చింది. ఎవరు పాట ఎత్తుకున్నా, ఆ పాట తనకూ వచ్చని తెలియాలి. పాడేవాళ్లను మించి గొంతు పెట్టి అందుకునేది. పాట చివర కవి పేరు వచ్చేదాకా పాడేవాళ్లకు అడ్డం పోకూడదని ఆ మఠంలో కట్టుబాటు. ఆ కట్టుబాటు కొత్తగా వచ్చినవాళ్లకని ఆమె అనుకుంది.

సైదాబీతోనూ అదే అయింది. ఆ వారంలోనే రెండుసార్లు ఫోను చేసింది పేరిందేవమ్మ. మొదటిసారి “మొదటిది నాకొచ్చులేవే, తర్వాతది చెప్పు” అంది. సైదాబీకి మధ్యలోంచి రాదు. మొదటినుంచి పాడుకుంటూ పోతేనే ఆమెకు తర్వాతది నోట్లోకి వస్తుంది. సరేనని మొదలుపెడితే ఈమె కూడా గొంతు కలిపింది, గట్టిగా. సైదాబీకి వరస తప్పింది. రెండోసారీ అంతే. “నీకంత వచ్చినప్పుడు నన్నెందుకడుగుతావే?” అని ఫోను పెట్టేసింది.

పేరిందేవమ్మ మాత్రం తప్పంతా ఫోనుదన్నది. “ఈ బటన్ల ఫోనులో ఆమె గొంతు చీమ మాట్లాడినట్టుంది, నేను గట్టిగా పాడితే తప్పా?” అని మఠమంతా వినపడేలా అంది.

అందుకే ఇయ్యాల లాప్‌టాప్ ముందు కూర్చుంది. దానికి సొంత నోరు లేదు, సొంత చెవి లేదు. స్పీకరూ పోయింది, మైకూ పోయింది. తీగలేని హెడ్‌సెట్టు ఒకటి తగిలించుకుంటే వినొచ్చు, మాట్లాడొచ్చు. అందులో డబ్బు పెట్టి కొనక్కర్లేని లినక్సు ఎక్కించి, అక్షరాలన్నీ తెలుగులో వచ్చేట్టు చేసిపెట్టింది ఇంకో శిష్యుడు ఏసోబు. ఆయన వినుకొండలో పెళ్లికి పోయాడు.

“పోవడానికి ఇయ్యాలే దొరికిందా ఆయనకి?” అంది పేరిందేవమ్మ.

గురువుగారు వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు.

తెర మీద హెడ్‌సెట్టు పేరు కనపడుతోంది. పేరు మీద నొక్కింది. ఒక చక్రం తిరిగింది, తిరిగింది, ‘కనెక్ట్ కాలేదు’ అని వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే చక్రం, అదే మాట.

“చూశారా అయ్యా! పేరు కనపడుద్ది, పిలిస్తే పలకదు. నిన్నటిదాకా బాగానే పలికిందిగా, ఇయ్యాల ఏం రోగం దీనికి? ఊరికే వచ్చిన లినక్సుకు ఇంతకన్నా ఏం పొగరుంటుంది?”

“పొగరు దానికా?” అన్నాడు గురువుగారు.

“కాకపోతే నాకా?”

ఆయన గింజ ఒకటి పక్కకు వేశాడు.

పేరిందేవమ్మ లాప్‌టాప్ ఆపి మళ్లీ వెలిగించింది. హెడ్‌సెట్టును ఆపి మళ్లీ వెలిగించింది. దాన్ని చేతిలోకి తీసుకుని, తప్పుచేసిన పిల్లను నిలబెట్టినట్టు ఎదురుగా పట్టుకుని, “అవతల మనిషి గొంతు రేపటికి ఉంటుందో లేదో తెలియదు, నీకేమో ఇక్కడ ఆటలా?” అని దులిపింది. అది నీలంగా ఒకసారి మెరిసి ఊరుకుంది.

అప్పుడు ఏసోబు ఒకసారి చేసింది గుర్తొచ్చింది. పాత పేరును లాప్‌టాప్‌లోంచి తీసేసింది. హెడ్‌సెట్టు మీద బొత్తాం నొక్కి పట్టుకుంది. ఇంతకుముందు నొక్కి వదిలేసేది. ఈసారి వేలు తెల్లబడేదాకా వదల్లేదు. ఎర్రదీపం, నీలందీపం ఒకదాని వెనక ఒకటి కొట్టుకున్నాయి. తెర మీద పేరు కొత్తగా వచ్చింది. నొక్కితే చక్రం తిరిగి, ‘కనెక్ట్ అయింది’ అని నిలబడింది.

“ఏసోబు లేకపోతే జరగదన్నారు. జరిగిందా లేదా?” అంది. ఎవరూ అనలేదు అట్టా.

సైదాబీ మనవరాలు ముందే చెప్పి ఉంచింది, కాసేపట్లో పరీక్షలకు తీసుకుపోతారు, ఈలోపలే మాట్లాడుకోవాలని. పేరిందేవమ్మ లాప్‌టాప్‌లోంచి వీడియో కాల్ కలిపింది. ఆసుపత్రిలో సిగ్నలు సరిగా లేదని అవతల మనవరాలు బొమ్మ ఆపేసి మాట మాత్రం ఉంచింది.

“ఏమే పేరిందేవీ” అంది సైదాబీ. కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టుంది.

“గట్టిగా మాట్లాడవే! ఇంతా చేసి ఇక్కడ కూడా గొంతు సరిగా రాదా?”

“గొంతులో గడ్డ పెట్టుకుని గట్టిగా ఏం మాట్లాడేది? నీకు పాట కావాలా, పోట్లాట కావాలా?”

“పాటే. కడవల నీళ్ల దగ్గరనుంచి చెప్పు, ముందుది నాకొచ్చుగా.”

“మొదటినుంచి పాడతా. ఇష్టముంటే విను.”

సైదాబీ ఎత్తుకుంది. మిరపతోట మీద మబ్బమ్మా అనేసరికి పేరిందేవమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. ఆమెకంటే ముందు రెండో వరస అందుకుంది, కళ్లు మూసుకుని, చెయ్యి ఊపుతూ. అవతల పాట ఆగిపోయింది.

“మళ్లీ మొదలుపెట్టావా? దీనికోసమా మందు వేసుకోకుండా కూర్చుంది నేను?”

“నీకు గుర్తు చేద్దామని అందుకున్నానే!”

“నాకు గుర్తుంది. లేనిది నీకు. ఇంకొక్కసారి పాడతా. ఇదే ఆఖరు. నర్సమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నోరెత్తితే పెట్టేస్తా, ఆపైన నీ ఇష్టం.”

పేరిందేవమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కోపంతో. హెడ్‌సెట్టు ఒక చెవి మీదినుంచి పక్కకు జరిపి గురువుగారివైపు తిరిగింది.

“చూస్తూ కూర్చుంటారేందయ్యా? ఆ మనిషి గొంతు కుండలోంచి వస్తోంది. సరిగ్గా వినపడితే నేనెందుకు అడ్డం పోతాను? మీరు రోజూ మధ్యాహ్నం దీన్లోనే గదా పాత తత్వాలు వినేది! మీకు గంటలాగ మోగుద్ది, నాకేమో ఇట్టా మూలుగుద్ది. ఇదెక్కడి న్యాయం?”

గురువుగారు చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని వచ్చాడు. ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. మౌసు తీసుకుని శబ్దం గుర్తు మీద నొక్కాడు. అక్కడ హెడ్‌సెట్టు పేరు కింద రెండు వరసలు ఉన్నాయి. ఒకటి మాట్లాడడానికీ వినడానికీ. అది పెట్టుకుంటే ఆ చిన్న యంత్రం రెండు పనులూ మోయలేక గొంతు పలచన చేస్తుంది. రెండోది వినడానికి మాత్రమే. ఏసోబు ఆయనకు చూపించి పెట్టింది అదే. ఆయన రోజూ వినేది దాంట్లోనే.

గురువుగారు రెండోదాన్ని నొక్కాడు. నొక్కి మౌసు తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

“అదేందయ్యా?” అని హెడ్‌సెట్టు సర్దుకుంది పేరిందేవమ్మ.

చెవుల్లో సైదాబీ ఊపిరి వినపడింది. అవతల మంచం కిర్రుమనడం వినపడింది. ఎవరో గ్లాసు కింద పెట్టారు, అదీ వినపడింది. పక్క సాలులో నిలబడి ఉన్నట్టుంది సైదాబీ.

“ఆ! ఇప్పుడు పాడవే!” అంది పేరిందేవమ్మ.

“హలో? ఉన్నావా?” అంది సైదాబీ.

“ఉన్నా! పాడమంటున్నాగా!”

“పేరిందేవీ? ఒసే?”

“ఇక్కడే చచ్చానే! అయ్యా, నా మాట పోవటల్లేదు ఆమెకి! ఏం చేశారు మీరు? నన్నడక్కుండా ఎందుకు మార్చారు? ఇయ్యాల తప్పితే ఇంక రేపనేది లేదని తెలిసీ, నా నోరు కట్టేస్తారా? ఇట్టా ఇవ్వండి ఆ మౌసు!”

గురువుగారు ఆమె మొహంలోకి చూశాడు.

“ఆమె మాట వస్తోంది గదమ్మా” అన్నాడు.

పేరిందేవమ్మకు ఒళ్లు మండింది. పెద్దాయన ఒళ్లోంచి మౌసు లాక్కోవాలంటే చెయ్యి రాలేదు. అవతల సైదాబీ మనవరాలితో అంటోంది, “మూతి ముడుచుకుని కూర్చున్నట్టుంది, చిన్నప్పుడూ అంతే. ముడుచుకోనీలే. నేను పాడతా.”

“ఎవరే మూతి ముడుచుకుంది?” అని అరిచింది పేరిందేవమ్మ. వసారా మీద పిచికలు లేచిపోయాయి. సైదాబీకి ఏమీ వినపడలేదు.

మిరపతోట మీద మబ్బమ్మా.

అలవాటు ఎక్కడికి పోతుంది? పేరిందేవమ్మ అందుకుంది. కోపమొకటి తోడై మరీ గట్టిగా అందుకుంది. కానీ ఈసారి అవతల పాట ఆగలేదు. ఈమె గొంతు మఠంలో నాపరాళ్లకు తగిలి వెనక్కి వస్తోంది, సైదాబీ గొంతు తన దోవన తాను పోతోంది. మెల్లంగా ఏడికి పోతావమ్మా అనేటప్పుడు సైదాబీ కొంచెం ఆగి ఊపిరి తీసుకుంటుంది. గడ్డ మూలాన కాదు, చిన్నప్పుడూ అక్కడే ఆగేది. ఆ సంగతి పేరిందేవమ్మకు ఇప్పుడు తెలిసింది. కడవల నీళ్ల దగ్గరకు వచ్చేసరికి తన గొంతు తనకే ఎక్కువనిపించింది. తగ్గించింది. కన్నెపిల్లలం మేమడిగితే అనే చోటుకు వచ్చేసరికి ఆమె పెదాలు ఆడటం మానేశాయి.

కారపు చేతుల్తో కళ్లు తుడవొద్దే
కాసేపు తాళితే కడుగుతానందే
చేలంతా కడిగి, చేతులు కడిగి
చెప్పకుండా నేను పోతానందే

అదీ మబ్బు చెప్పిన జవాబు. అది వచ్చేటప్పటికి సాలులో ఎవరో ఒకతె అప్పటికే కారం చేత్తో కళ్లు తుడుచుకుని లబలబలాడుతూ ఉండేది. నవ్వు అందుకు. చాలాసార్లు ఆ ఒకతె పేరిందేవే. సైదాబీ కొంగు తడిపి తెచ్చి ఆమె కళ్ల మీద వేసేది.

పాట అక్కడితో అయిపోలేదు. ఇంకా ఉంది. మబ్బు ఏ ఊరి మీదినుంచి పోయిందో, ఏ చెలక దగ్గర కురిసిందో, ఎవరిని తడిపిందో, ఒక్కొక్క ఊరి పేరే చెప్పుకుంటూ పోయింది సైదాబీ. ఆ ఊళ్లన్నీ పేరిందేవమ్మ నడిచినవే. పాటలో అవి ఉన్నాయని మాత్రం ఎన్నడూ తెలియదు. మబ్బు జవాబు రాగానే అందరూ నవ్వేవాళ్లు గదా, ఆ నవ్వు వెనక ఒకతె ఇంకా పాడుతూనే ఉండేదన్నమాట.

గురువుగారు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయనకు పాట వినపడటం లేదు. హెడ్‌సెట్టు ఆమె చెవులకే ఉంది. అయినా వింటున్నట్టే కూర్చున్నాడు.

పాట అయిపోయింది. సైదాబీ రెండుసార్లు దగ్గింది. “ఇంక చాలమ్మా, లేవండి” అని నర్సు అనడం వినపడింది.

గురువుగారు కళ్లు తెరిచాడు. ఒళ్లో మౌసు తీసి పేరిందేవమ్మ చెయ్యి పక్కన పెట్టి, “ఇప్పుడు కావాలంటే మాట్లాడు” అన్నాడు. లేచి వసారాలోకి పోయి చింతపండు ముందు కూర్చున్నాడు.

ఆమె మౌసు మీద చెయ్యి వేసింది. తెర మీద ఆ రెండు వరసలూ పక్కపక్కన కనపడుతున్నాయి. రెండూ చదవగలదు. వేలు పైకి లేచింది గానీ కిందికి దిగలేదు.

అవతల చక్రాల కుర్చీ వచ్చి ఆగిన చప్పుడు. మనవరాలు “పెట్టేయనా నానమ్మా?” అంటే “ఉండు” అంది సైదాబీ. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నట్టుంది, ఆ గొంతు చెవి లోపలే పలికింది.

“ఈసారి ఒక్క వరసకు కూడా అడ్డం రాలేదేందే పేరిందేవీ? ఒంట్లో బాగానే ఉందా నీకు?”