గడియగా మారిన గిన్నె

“అక్కోయ్, ఆగు! పిల్లకి ముద్ద పెట్టకు!”

అనగనగా ఒక ఊళ్ళో, కొలిమి వీధి చివర్నుంచి ఆ కేక వినబడిందమ్మడూ. నూకరత్నం చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఒళ్ళో మనవరాలు. ఆ రోజే దానికి అన్నప్రాశన. ఎదురుగా తళతళలాడే సత్తు గిన్నె, అదే అల్యూమినియం గిన్నె, నిండా పరమాన్నం.

అది ఉత్త గిన్నె కాదు సుమా! చిన్నప్పుడు నూకరత్నం తొలి ముద్ద తిన్నది వాళ్ళమ్మ సత్తు గిన్నెలో. అది సొట్టలుపడి, చిల్లిపడి అటకెక్కింది. “దీన్నే కరిగించి కొత్తది పోసివ్వు తమ్ముడూ, పిల్ల ఇందులోనే తినాలి” అని కొలిమి అప్పలకొండ చేతిలో పెట్టింది.

అప్పుడు అప్పలకొండ ఏం చేశాడు? లోహం చాలదని పాత మూతలు వేశాడు. ఆ తర్వాత ఇంజను ముక్కలు వేశాడు. ఆ తర్వాత, తుక్కు గంప అడుగునున్నదంతా చూడకుండా కుమ్మరించాడు.

ఆ ఊళ్ళో కొత్త గిన్నెని చింతపండుతో తోమి గాని పొయ్యెక్కించరు. ముహూర్తం తోసుకొస్తోందని నూకరత్నం ఉత్త నీళ్ళతో కడిగేసింది!

అప్పలకొండ రొప్పుతూ వచ్చిపడ్డాడు. “అదే పోతలో ఇంకో గిన్నె పోశానక్కా. చింతపండుతో తోమితే బొగ్గులా నల్లబడింది! గంప వెతికితే అడుగున ఉండాల్సిన పాత బ్యాటరీ సీసం పలకలు లేవు. ఇందులోనే కరిగిపోయాయి. సీసమంటే విషమే!”

నూకరత్నం పిల్లని గుండెకి అదుముకుంది.

“మా అమ్మ గిన్నెని విడదీయలేవా?”

“కలిసిపోయాక నావల్ల కాదక్కా.”

“ఆ కొలిమి ఆర్పేయండి, పీడా పోతుంది!” అని వియ్యపురాలు గయ్యిమంది.

“ఆర్పేస్తే సత్తు ఎక్కణ్ణించి వస్తుంది వదినగారూ? కొండ తవ్వాలి, కొండంత మంట పెట్టాలి. పాతది కరగడానికి చారెడు మంట చాలు. ఏరుకుని వెయ్యాలి, అంతే” అంది నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత కొలిమి దగ్గర మూడు గంపలు వెలిశాయి. వంట గిన్నెలకొకటి, ఇంజను ముక్కలకొకటి. మూడోదాంట్లో బ్యాటరీలు, వాటికి మాత్రం కొలిమి మొహం చూపించరు. అమ్మ గిన్నేమో మళ్ళీ కరిగి, పిల్లకి అందనంత ఎత్తున తలుపు గడియయింది.

మరి ఆ రోజో? పరమాన్నం గోతిలో పూడ్చేశారు. మట్టి దాకలో మళ్ళీ వండారు. పిల్ల తొలి ముద్ద చప్పరించి నవ్వింది. అప్పుడు వియ్యపురాలు అప్పలకొండ చెయ్యి పట్టి లాగింది: “నువ్వూ కూర్చోవయ్యా, కేకేసి కాపాడావు!” అందరూ ఒకే వరసలో కూర్చున్నారు.

గిన్నె చేరె తలుపుకి,
దాక ఎక్కె పొయ్యికి,
కథ వెళ్ళె కంచికి,
కంచం వచ్చె ముందుకి!