నులకయ్య బిగించిన నార

ఒకప్పుడు, ఎన్ని దెబ్బలు తిన్నా కాలేయం వెన్నముద్దలా మెత్తగానే ఉండే రోజుల్లో, నులకయ్య అనే కణం "మూడు లోకాల్లో నా అంత అల్లికగాడు లేడు!" అని చాటుకునేవాడు. మూడు లోకాల సంగతేమోగానీ, అతను కాలేయం గడప దాటి ఎరగడు. అల్లింది కూడా ఒక్కటే: ఇరుగుపొరుగు కణాల మధ్య కొల్లాజెన్ అనే ప్రోటీను నారతో ఓ వదులు వల.

ఆ వలే పక్కింటి పిత్తమ్మకు దడి. పైత్యరసం తీసే కణం ఆమె. ఆమె పెరటి వెనకే నెత్తురు కాలువ.

ఒకరోజు చొరవయ్య అనే కేన్సరు కణం అక్కడ పుట్టాడు. పిత్తమ్మ ఇంటి మీదుగా పోయి, కాలువలో దూకి, ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టాలని వాడి ఆశ. పాదాలకు జిగురుంది. కానీ మెత్తటి వలలో అడుగేస్తే మోకాలిదాకా దిగబడేది. ఉక్రోషం పట్టలేక నాలుగు పోగులు కొరికేశాడు.

"నా అల్లికనే కొరుకుతాడా! చీమ దూరకుండా బిగిస్తా చూడు వదినా," అన్నాడు నులకయ్య.

"వద్దు మరిదీ. వదులుగా ఉండబట్టే వాడు దిగబడుతున్నాడు."

"నీ పైత్యరసం నువ్వు చూసుకో. అల్లిక నాకొదిలెయ్."

కాలు తన్నిపెట్టి, నులకమంచం బిగించినట్టు లాగాడు. పోగు మీద పోగు, ముడి మీద ముడి. నార వంకర్లన్నీ పోయి తీగలా బిగిసింది. ఒక కొస చొరవయ్య ముంగిట్లో. రెండో కొస ఎక్కడ కట్టాడు మహానుభావుడు? సరిగ్గా కాలువ గట్టున!

చొరవయ్య జిగురు పాదం మోపి చూశాడు. దిగబడలేదు. "బావగారూ, వంతెన అదిరింది! పట్టుకోవడానికి ఇంకో తాడు లాగుదురూ!"

పొగిడాడు కదా అని నులకయ్య లాగాడు కూడా.

చొరవయ్య దర్జాగా నడిచి, పిత్తమ్మ గోడ పగలగొట్టుకుంటూ పోయి, బుడుంగున కాలువలో దూకాడు.

"శభాష్ మరిదీ! దొంగకు దారి చూపినవాళ్ళను చూశాను గానీ, తివాచీ పరిచినవాణ్ణి నిన్నే చూశాను. త్వరగా విప్పు, వాడి తమ్ముళ్ళు వస్తున్నారు!"

నులకయ్య ఒక ముడి పట్టుకుని పీకాడు. అది ఇంకాస్త బిగిసింది.

అప్పటినుంచే, దెబ్బ మీద దెబ్బ తగిలిన కాలేయం గట్టిపడుతోంది. ఆ బిగిసిన నార పట్టుకునే కేన్సరు కణాలు సులువుగా పాకిపోతున్నాయి. "ఆ ముడులు విప్పవేమయ్యా?" అని పిత్తమ్మ రోజూ నిలదీసేది. చివరికొకనాడు నులకయ్య గొణిగాడు: "ముడెయ్యడమే వచ్చు వదినా. విప్పడం నేర్పినరోజు నేను నిద్రపోయాను."