వేడి గాలి వెళ్ళే చోటు

ఇందులో ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ వచ్చిందేమో చెప్పలేను. ఈ మధ్య నాకు వరస తప్పుతోంది. ఉన్నదీ పోకముందే రాసి పెడదామని కూర్చున్నాను. వరస తప్పినా సంగతి తప్పదు.

తుని దాటాక హైవే పక్కన ఒక ఐటీఐ ఉంది. అక్కడ ఏసీలూ ఫ్రిజ్‌ల పని నేర్చుకునే పిల్లల్లో ఆడపిల్ల ఒక్కతే, నూకరత్నం. ఆ పిల్లకి ఒక దిగులు వచ్చిపడింది. చేయవలసిన పని చేసింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిన మనిషి మాత్రం సంతకం పెట్టలేదు.

ఆ మనిషి యేసుపాదం మాస్టారు. ఆ ట్రేడ్‌కి ఇన్‌స్ట్రక్టరు. కాకినాడ ఐసు ఫ్యాక్టరీల్లోనూ రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లోనూ సగం వయసు గడిపి, ఆ తరవాత పాఠం చెప్పడానికి వచ్చారు. మాట తక్కువ. శిష్యుల పని నచ్చితే తల ఊపేవారు, నచ్చకపోతే ఊపేవారు కాదు. అంతకు మించి ఆయన దగ్గర ఎవరికీ ఏమీ దొరికేది కాదు.

ఆ ఏడాది విశాఖపట్నం నుంచి ఒక ఏసీల కంపెనీ వచ్చి ఐటీఐతో ఒప్పందం చేసుకుంది. కంపెనీకి పని తెలిసిన పిల్లలు దొరకడం లేదు. ఐటీఐలో ఉన్న మిషన్లేమో మాస్టారి ఉద్యోగమంత పాతవి. అందుకని మిషన్లూ పనిముట్లూ కంపెనీవి, చోటూ చదువూ ఐటీఐవి అనుకున్నారు. పిల్లలు కొన్నాళ్ళు తరగతిలో ఉంటారు, కొన్నాళ్ళు కంపెనీ మనుషుల వెంట హోటళ్ళకీ ఆసుపత్రులకీ పనికి వెళతారు. చివర్న ఒక పెద్ద పని సొంతంగా చేసి చూపించాలి. కంపెనీ ఇంజనీరు ముకుంద్ మార్కులు వేస్తాడు, మాస్టారు సంతకం పెడతారు. రెండూ పడితేనే ఉద్యోగం.

పెద్ద పని ఏమిటంటే, కంపెనీ మిషన్లు పెట్టడానికి కట్టిన కొత్త ల్యాబుకి ఏసీలు బిగించడం. ముందుండి చేయించేవాళ్ళని కంపెనీ తమ విశాఖ శిక్షణ కేంద్రానికి తీసుకుంటుందని ముకుంద్ ముందే చెప్పాడు. అక్కడ కొత్త పిల్లలకి పని నేర్పే కొలువు.

"ముందెవరుంటారు మాస్టారూ?" అని అడిగాడు.

మాస్టారు తన చేతిలో ఉన్న స్పానర్‌ని తీసుకెళ్ళి రత్నం చేతిలో పెట్టారు.

మగపిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సింహాద్రి అనే కుర్రాడు ఊరుకోలేక, "మేడమ్ గారూ, నిచ్చెన పట్టుకోమంటారాండీ?" అన్నాడు.

"పట్టుకో. నువ్వు వంకర్లు పోకుండా, అదీ వంకర పోకుండా పట్టుకో" అంది రత్నం.

ఆ రాత్రే ఇంట్లో చెప్పేసింది. వాళ్ళ నాయనమ్మయితే ఉద్యోగం వచ్చేసినట్టే వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

పని రత్నం బాగా చేసింది, అందులో అనుమానం లేదు. బయట పెట్టే పెట్టెల్ని మేడ మీదికి ఎక్కించకుండా ల్యాబు వెనక గోడకే బిగించింది. రాగి గొట్టం పొట్టిగా అయిపోయింది. గొట్టం పొట్టిదైతే మిషన్‌కి శ్రమ తక్కువ, గది తొందరగా చల్లబడుతుంది. ఎక్కడెక్కడ వంచిందో అక్కడ ఒక్క నొక్కు లేదు. మీట నొక్కగానే గది అలా చల్లబడుతుంటే ముకుంద్ కోటు బొత్తాలు పెట్టుకుని, "మా సొంత మనుషులు కూడా ఇంత శుభ్రంగా చెయ్యరమ్మా" అన్నాడు. ప్రిన్సిపాల్ గారు ఫోటో తీయించారు.

మాస్టారు అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి చూశారు. ఒక్క బుడగ లేవలేదు. నీళ్ళు పోయే గొట్టం వాలు చూశారు. గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి చూశారు. ముకుంద్ కాగితం చాపాడు.

"ఇంకా చూడాలండి" అన్నారు మాస్టారు.

"ఏం చూడాలండి? అంతా బాగానే ఉంది కదా?"

"సగమే చూశాను."

కాగితం ముకుంద్ చేతిలోనే ఉండిపోయింది. శనివారం కంపెనీ పెద్దలు వస్తారు, ఆలోగా సంతకం పడాలి.

రత్నం మళ్ళీ మొదటి నుంచి తనిఖీ చేసుకుంది. ప్రతి నట్టూ ప్రతి తీగా తడిమి చూసింది. ఏ తప్పూ దొరకలేదు. దొరకని కొద్దీ ఉక్రోషం వచ్చింది.

"మగపిల్లాణ్ణయితే ఈపాటికి సంతకం పడేది" అంది సింహాద్రితో.

"స్పానర్ ఇచ్చినప్పుడు నువ్వు ఆడపిల్లవి కాదేంటి మరి?"

మాట నిజమే. అందుకని వాడి మీద కూడా కోపం తెచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ముకుంద్ కొత్త ల్యాబులో పాఠం చెబుతున్నాడు. బయట ఎండ మండిపోతోంది, లోపల పిల్లలు హాయిగా ఒదిగి కూర్చున్నారు. మాస్టారు లేచి, తన కుర్చీ భుజానికెత్తుకుని బయటికి వెళ్ళిపోయారు. ఎంతకీ రాలేదు. రత్నం వెతుక్కుంటూ వెళ్ళింది.

ల్యాబు వెనక ఒక ఇరుకు సందు ఉంది. దానికి అవతల కుట్టుపని నేర్పే గది. ఆ సందులో, సరిగ్గా రత్నం బిగించిన పెట్టెల ముందు కుర్చీ వేసుకుని మాస్టారు పేపరు చదువుకుంటున్నారు. పెట్టెల్లోంచి కొట్టే వేడి గాలికి పేపరు టపటపా కొట్టుకుంటుంటే రెండు చేతులా బిగించి పట్టుకున్నారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఇక్కడ కూర్చున్నారేంటి మాస్టారూ?"

"మిగతా సగం చూస్తున్నానమ్మా."

"ఏసీ అన్నాక బయటికి వేడి కొట్టదాండీ?"

"కొడుతుంది."

"గొట్టం పొట్టిగా ఉండటమే మంచిదని మీరే చెప్పారు. ముకుంద్ గారు కూడా బాగుందన్నారు."

"బాగుంది. నేను కాదన్నానా?"

మాస్టారు లేచి, కుర్చీ ఆమె వైపు జరిపారు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

రత్నం ఏం చెయ్యాలో తెలియక ఆ కుర్చీలో కూర్చుంది. కాసేపటికే కళ్ళు మండాయి. మొహం పక్కకి తిప్పుకుంటే కుట్టుపని గది కిటికీలు కనిపించాయి. అన్నీ మూసి ఉన్నాయి. నడి వేసవిలో కిటికీలు ఎందుకు మూసుకున్నారో ఆమెకి వెంటనే తట్టలేదు. ఇంతలో ఒక రెక్క కొంచెం తెరుచుకుంది. దుర్గాభవాని అనే అమ్మాయి, ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు, మొహం బయటికి పెట్టింది.

"ఏమే రత్నం, మీ గదిలో దుప్పటి కప్పుకోవాలంట కదా?"

"కొంచెం చల్లగానే ఉందే."

"మాకూ బాగానే ఉందిలే. మీరు వద్దనుకున్నదంతా మాకే పంపిస్తున్నారు."

లోపల్నుంచి టీచర్ సత్యవేణి గారు, "ఆ రెక్క వెయ్యవే తల్లీ, పొయ్యి మీద కూర్చున్నట్టుంది" అని కేకేశారు.

రెక్క మూసే లోపల రత్నం చూసింది. అమ్మాయిలంతా మెడకి తడి తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. కుడుతున్న తెల్ల గుడ్డ మీద చెమట మరకలు పడకుండా, ఒక్కొక్కరూ మణికట్టు కింద జేబురుమాలు పరుచుకున్నారు.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. గంట కొట్టి, కుట్టుపని పిల్లలు వేడికి కందిన మొహాలతో బయటికి వచ్చే దాకా అలాగే కూర్చుంది.

ఆ సాయంత్రం ముకుంద్‌కి చెప్పింది, పెట్టెలు విప్పేసి మేడ మీదికి మారుస్తానని.

ముకుంద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, గొట్టం పొడుగవుతుంది. మేడ మీద ఎండ. గది ఇంత తొందరగా చల్లబడదు, మార్కులు తగ్గుతాయి. శనివారానికి మిషన్లు నడవలేదనుకో, నీ పేరు నేను రాయలేను. ఇంకో ఊళ్ళో ఇంకో పిల్లాడు తయారుగా ఉన్నాడు."

"తెలుసండి."

"తెలిసే విప్పుతున్నావా?"

"తెలిసే విప్పుతున్నానండి."

మగపిల్లలు అంత తొందరగా ఒప్పుకోలేదు. "అయిపోయిన పని మళ్ళీ ఎవరి కోసం?" అన్నాడు సింహాద్రి.

"ముందెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని రా. తరవాత మాట్లాడదాం."

వెళ్ళాడు. ఎక్కువసేపు ఉండలేదు. తిరిగి వచ్చి, మోకు భుజాన వేసుకుని మేడ మెట్లెక్కాడు.

గొట్టాల్లో ఉన్న గ్యాసు చుక్క గాలిలోకి పోకుండా బయటి పెట్టెల్లోకి లాగి బిగించారు. పెట్టెల్ని మోకులతో పైకి చేర్చారు. ఎండ నేరుగా పడకుండా, గాలికి అడ్డం రాకుండా ఎత్తుగా రేకుల నీడ కట్టారు. గోడ వెంట కొత్త గొట్టం దించారు. ఆ మేడ మీద కాళ్ళు కాలిపోతుంటే గోనెపట్టాలు తడిపి పరుచుకుని పని చేశారు.

అక్కడ ఒక తమాషా జరిగింది. రాగి గొట్టం మూతిని గరాటులాగా విప్పి, నట్టుతో బిగించాలి. ఆ నట్టు ముందే గొట్టానికి ఎక్కించుకోవాలి, మూతి విప్పాక ఎక్కదు. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు అది, రత్నం ఒక్కనాడూ చెయ్యలేదు. ఆ రోజు మూతి విప్పి, ముచ్చటగా వచ్చిందని తిప్పి చూసుకుని, నట్టు కోసం చూస్తే అది పిట్టగోడ మీద కూర్చుని ఉంది.

"కదలకు, ఫోటో తీస్తాను" అన్నాడు సింహాద్రి.

రత్నం తలెత్తేసరికి మెట్ల దగ్గర మాస్టారు ఉన్నారు. వచ్చి గొట్టం కోసే కత్తెర అందించి, ఆమె పక్కనే గోనెపట్టా మీద కూర్చున్నారు. ఆ పని ముగిసేదాకా కిందికి దిగలేదు.

శనివారం పెద్దలు వచ్చేటప్పటికి మిషన్లు నడుస్తున్నాయి. ముకుంద్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. గది చల్లబడింది, కానీ మునుపటంత తొందరగా కాదు.

"ఆలస్యమైంది. మార్కులు తగ్గించక తప్పదు" అన్నాడు.

"తగ్గించండి సార్" అంది రత్నం. ఆమె గొంతులో బతిమాలుకోవడం లేదు.

ముకుంద్ మార్కులు వేసి, కాగితం మాస్టారికి చాపాడు. ఆయన అది తీసుకుని బయటికి నడిచారు. ముకుంద్ వెనకే వెళ్ళాడు, పెద్దలు ముకుంద్ వెనక వెళ్ళారు, ఏం జరుగుతోందో తెలియక పిల్లలంతా వాళ్ళ వెనక వెళ్ళారు. మాస్టారు సందు దాటి కుట్టుపని గదిలోకి అడుగు పెట్టారు.

కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. చెట్ల మీంచి గాలి వస్తోంది. కుట్టు మిషన్లు గలగలా నడుస్తున్నాయి. ఇంతమంది ఒక్కసారి వచ్చేసరికి సత్యవేణి గారు లేచి నిలబడ్డారు.

"ఒక్క నిమిషం అమ్మా" అని మాస్టారు దుర్గాభవాని మిషను దగ్గర వంగారు. ఆ అమ్మాయి గుడ్డ పక్కకి లాగింది. ఆయన కాగితాన్ని మిషను బల్ల మీద పరిచి, ఒక్కొక్క అక్షరమే నిదానంగా పెట్టి సంతకం చేశారు.

"ల్యాబులో అంత పెద్ద టేబులుంది కదా మాస్టారూ?" అన్నాడు ముకుంద్.

"అక్కడ చల్లగా ఉందని అక్కడివాళ్ళు ఎలాగూ చెబుతారండి. మా రత్నం పని ఇక్కడ చూడాలి."

రత్నం తల దించుకుంది. ముకుంద్ కిటికీ దగ్గరికి వెళ్ళి, చెయ్యి బయటికి చాపి చూశాడు. తరవాత జేబులోంచి పెన్ను తీసి, రత్నం పేరు రాసుకున్నాడు.

అమ్మా చంద్రకళా, నువ్వు నా మేనకోడలివి, పైగా ఇంట్లో నీ జ్ఞాపకమే గట్టిది. ఇది ఎవరికైనా చూపించే ముందు పేర్లు ఒకసారి సరిచూడు. ఇంజనీరుగారు ముకుందో గోవిందో నాకు రూఢిగా లేదు. టీచరు సత్యవేణేనా, సత్యవాణా? సింహాద్రిని ఫోన్ చేసి అడిగినా సరే. రత్నం పేరు మాత్రం చూడక్కర్లేదు. అది నా పేరే, నా మనవరాలని దానికి పెట్టుకున్నాం.