వైద్యుడి కోడలు విడదీసిన తాటాకులు

అనగా అనగా, ఏటికి అవతల మూలికపురమని ఒక రాజ్యం ఉండేదట. చిన్న రాజ్యమే. పొద్దున్నే గుర్రమెక్కితే అన్నాలవేళకి అటు చివర తేలేంత. ఊ కొట్టండర్రా మరి, మీరు ఊ కొట్టకపోతే నేనెక్కడున్నానో నాకే తెలీదు.

ఆ రాజ్యంలో ఎవరికి ఏ జబ్బు చేసినా రాజుగారి మందులకొట్టుకే వెళ్ళాలి. ఆ కొట్టుకి పెద్ద భైరవయ్యగారు. రాజవైద్యుడు. ముసలాయన, హస్తవాసి మంచిది గానీ కోపం ముక్కుమీదే ఉండేది. ఆయనకి ఒక్కగానొక్క కొడుకు సింగన్న. మూలికలు తేవడానికని ఎప్పుడూ అడవులంట తిరుగుతుండేవాడు. వాడి పెళ్ళాం పేరిందేవి. ఈ కథంతా ఆ పిల్లదే. పుట్టింట్లో తండ్రి దగ్గర కూర్చుని రాయడం నేర్చుకుంది. అందుకని కాపరానికొచ్చిన నెల తిరక్కుండానే మావగారు ఆమెని కొట్లో ఆకులు రాయడానికి కూర్చోబెట్టారు.

ఆకులంటే విస్తరాకులు కాదే బుజ్జీ, తాటాకులు. జబ్బుమనిషి గుమ్మంలో అడుగుపెడితే ఒక తాటాకు తియ్యాలి. అందులో ఏం రాయాలంటావ్? మనిషికి పేరు, పేరుకి ఊరు, ఊళ్ళో రోగం, రోగానికి మందు, మందుకి మూలిక, మూలికకి కొలత, కొలతకి పథ్యం. అంతా ఒక్క ఆకులోనే, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ వెనకే ఇంకొకడు అదే జ్వరంతో వచ్చాడనుకో, మళ్ళీ ఇంకో ఆకు. మళ్ళీ మనిషికి పేరు, పేరుకి ఊరు, ఊళ్ళో రోగం, రోగానికి మందు, మందుకి మూలిక, మూలికకి కొలత, కొలతకి పథ్యం. పేరిందేవికి వేళ్ళు కాయలు కాచాయి. ఒకే కషాయం గురించి రాసిందే రాయడం ఎందుకని మావగారిని అడిగిందట. మా తాతగారి నాటి నుంచీ ఇంతేనమ్మా, నువ్వు రాయి, అని ఆయన కసిరారట.

ఇంకో ఆచారం కూడా ఉండేది. జబ్బు నయమైతే ఆ మనిషి కొట్లోంచి తన ఆకు పట్టుకెళ్ళి ఏట్లో వదిలెయ్యాలి. ఆకుతో పాటే రోగమూ కొట్టుకుపోతుందని వాళ్ళ నమ్మకం. చూడ్డానికి బాగానే ఉంటుందిలే, ఏటి మీద ఆకులు పడవల్లాగ పోతుంటే.

ఒక వానాకాలం ఊరూరా జ్వరాలు. జ్వరం కషాయంలో మిరియాలు ఎక్కువై జనానికి కడుపు మండుతోందని భైరవయ్యగారు కనిపెట్టారు. కొట్లో ఆకులు రాసే మిగతా రాయసగాళ్ళని పిలిచి, ఆకులన్నిట్లో మిరియాల కొలత సగానికి దిద్దండర్రా అన్నారు. కొట్టు నిండా ఆకులాయె! ఒకడు దిద్దుతూ దిద్దుతూ కునుకు తీశాడు. ఒకడు కింద దిద్ది పై అటక మరిచిపోయాడు. ఇంకో మహానుభావుడు సగం చేసిందాన్నే మళ్ళీ సగం చేశాడు. నవ్వకండి, తర్వాత ఏమైందో వినండి. ఒకే ఇంట్లో తల్లికీ కూతురికీ జ్వరం. తల్లి ఆకు దిద్దారు, కూతురి ఆకు దిద్దలేదు. తల్లి లేచి తిరుగుతోంది. కూతురు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. ఆ తల్లి కొట్టుకొచ్చి, రెండు ఆకులూ తీయించి పేరిందేవి ముందు పెట్టి, “ఇందులో ఏది నిజం తల్లీ?” అని అడిగింది. పేరిందేవి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ తన చేతిరాతే. తప్పుడు ఆకు కూడా ఒప్పు ఆకులాగే ఉంటుంది కదమ్మా, మొహం చూసి పోల్చుకోలేం. ఆ పిల్ల కోలుకుందిలే. కానీ పేరిందేవికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

వింటున్నారా, నిద్రపోయారా? ఆఁ, అయితే వినండి.

వానలు వెనకబట్టాయో లేదో, రాజుగారి చిన్నకూతురికి గొంతు వాచింది. నీ ఈడుదేనే బుజ్జీ. మింగుడు పడదు, మాట రాదు, ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. భైరవయ్యగారు చూసి, ఈ గొంతువాపు నేను ఇదివరకు ఒకడికి కుదిర్చాను, గొల్లలమిట్ట గంగన్నకి, ఆకు తియ్యమ్మా అన్నారు. పేరిందేవి కింద వెతికింది, పైన వెతికింది, అటకెక్కి వెతికింది. ఎక్కడుంటుంది? గంగన్నకి నయమైంది, ఆకు ఏట్లో వదిలేశాడు. ఆ మందు సంగతి ఆ ఒక్క ఆకులో తప్ప ఇంకెక్కడా రాసిలేదు. రోగంతో పాటు మందూ కొట్టుకుపోయింది.

భైరవయ్యగారు గుమ్మంలో చతికిలబడిపోయారు. ఏదో వేరు, ఏదో ఆకు రసం, ఎంతకి ఎంతో జ్ఞాపకం రావడం లేదే, అని నుదురు కొట్టుకున్నారు. ఎప్పుడూ కసిరే మనిషి అలా కూలబడితే పేరిందేవికి గుండె నీరైపోయింది.

“మావయ్యగారూ, ఆకు పోయింది గానీ మందు తాగిన మనిషి ఉన్నాడు కదా. గంగన్నని పిలిపిద్దాం” అంది.

గుర్రపు రౌతు వెళ్ళాడు, గొల్లలమిట్టలో గంగన్న ఎవడని అడిగాడు, నేనే అన్నవాణ్ణి గుర్రం మీద వేసుకొచ్చాడు. ఆ గంగన్న, అవునండీ, వాపొస్తే తమరే మందిచ్చారు, ఉమ్మెత్తాకు నూరిన వాసన నాకిప్పటికీ గుర్తే, అన్నాడు. ఇంకేం, భైరవయ్యగారు ఉమ్మెత్తాకు తెప్పించి కల్వంలో వేసేశారు. పేరిందేవికి ఎక్కడో కలుక్కుమంది. ఉమ్మెత్త విషం కాదూ, కడుపులోకి ఇస్తారా?

“గంగన్న బాబాయ్, నీకు వాపు ఎక్కడొచ్చింది?”

“ఎక్కడేంటమ్మా, మోకాలికి. పట్టు వేయించుకున్నాను.”

భైరవయ్యగారి చేతిలోంచి నూరే బండ జారి కింద పడింది. ఆ పట్టుమందు పసిదాని గొంతులోకి పోయుంటే ఏమయ్యేదో, మీరు అనుకోకండి, నేనూ అనుకోను. అప్పుడు చెప్పాడు గంగన్న, మా ఊళ్ళో కుమ్మరి గంగన్న అని ఇంకొకడున్నాడమ్మా, గొంతు వాచింది వాడికి, అని. ఒకే ఊరు, ఒకే పేరు. ఆకులో చూసినా ఎవరు ఎవరో తెలిసేది కాదు.

రౌతు మళ్ళీ పరిగెత్తాడు. ఈలోపు పేరిందేవి ఆ పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తడిబట్ట పెదాలకి ఆనించి చుక్క చుక్క నీళ్ళు పిండుతూ కూర్చుంది. ఈల చప్పుడు వినబడినంతసేపూ ఫర్వాలేదనుకునేది. చప్పుడు ఆగితే ఆమె ఊపిరీ ఆగేది.

కుమ్మరి గంగన్న వచ్చాడు. నాకేం తెలుసండీ, చేదుగా ఉంది, కళ్ళు మూసుకుని మింగాను, అన్నాడు. వెంట వచ్చిన వాడి పెళ్ళాం వీరమ్మ ముందుకొచ్చి, మింగింది ఆయన, నూరింది నేను, అంది. తిప్పతీగ ఇంత, కరక్కాయ ఇంత, తేనె ఇలా తీగ సాగేదాకా, అని చేత్తో కొలతలు చూపించింది. మొదటి పేరు చెవిన పడగానే భైరవయ్యగారికి మిగతావన్నీ ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చేశాయి. వీరమ్మ చెప్పడం, ఆయన అవునవును అనడం, పేరిందేవి నూరడం. నాలిక మీద కొంచెం కొంచెంగా రాశారు. పొద్దు వాలేసరికి ఈల సన్నబడింది. దీపాలు పెట్టేసరికి ఆ పిల్ల కళ్ళు తెరిచి, నాకు పెరుగన్నం కావాలి అంది. రాజుగారు ద్వారబంధం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారట, సంతోషంతో.

ఏం కావాలో కోరుకోమ్మా అన్నారు రాజుగారు. నగలు అడిగిందనుకున్నారా? కొట్లో ఆకులు విడదీసి రాసుకోవడానికి సెలవివ్వండి, అంది.

భైరవయ్యగారు తెల్లబోయారు. “విడదియ్యడమేమిటే?”

“మనుషుల సంగతి ఒక అటకమీద మావయ్యగారూ, మందుల సంగతి ఇంకో అటకమీద. ఒక్కో మనిషికి ఒక్క ఆకు, ఒక్కో మందుకి ఒక్క ఆకు. ప్రతిదానికీ ఒక గుర్తు వేద్దాం. పేరు ఇద్దరికుంటుంది, ఊరు మారుతుంది. గుర్తు మాత్రం ఒకరిది ఇంకొకరికి ఇవ్వం. జబ్బుమనిషి వస్తే చిన్న ఆకుముక్క చాలు. ఈ గుర్తు మనిషికి ఈ గుర్తు మందు, అంతే. నయమైతే ఆ ముక్కని ఏట్లో వదులుకోమనండి, మందు మన అటకమీదే ఉంటుంది. కొలత మారిందా, ఒక్క ఆకు దిద్దితే అందరికీ దిద్దినట్టే.”

“ఇప్పుడు ఒక్క ఆకు చూస్తే సరిపోతుంది. రేపు మూడు ఆకులు చూడాలి కదా?”

“చూడాలి. నాలుగడుగులు ఎక్కువ నడవాలి. నడిచాక దొరికేది మాత్రం నిజం.”

ముసలాయన లేచి అటకలన్నీ ఓసారి కలయజూశారు. చివరికి, అటకమీద లేని గుర్తు ముక్కలో రాస్తే ఆ ముక్క నేను చెల్లనివ్వను సుమా, అన్నారు. పేరిందేవి నవ్వేసింది. ఆయన ఒప్పుకున్నట్టే.

రాయసగాళ్ళందరూ కూర్చుని విడదీశారు. ఆ పని జరుగుతుండగా ఒకనాడు భైరవయ్యగారు కోడలి పక్కన వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి అడిగారట.

“అమ్మాయ్, ఎవరికీ రాని జబ్బుకి కూడా మందు రాసి పెట్టొచ్చా?”

“ఎందుకు రాయకూడదు? మందు ఆకుకి మనిషితో పనేముంది?”

ఆయన కళ్ళు చెమర్చాయి. వాళ్ళ నాన్న పోయేముందు ఆయనకి బోలెడు మందులు చెప్పారు. ఆ జబ్బులతో ఎవరూ రాలేదు. జబ్బుమనిషి లేకుండా ఆకు రాసే ఆచారం లేదు. మరిచిపోతానేమోనని ఆయన ఇన్నేళ్ళూ పడుకునేముందు అవన్నీ లోపల్లోపల వల్లించుకునేవారు. ఈమధ్య వల్లిస్తుంటే ఒకటీ అరా జారిపోతున్నాయి. ఆ భయమే కోపమై బయటికొచ్చేది. ఎవరికి చెప్పుకుంటాడు పాపం?

పేరిందేవి గంటం అందుకుంది. ఆయన చెప్పారు, ఆమె రాసింది. రోజుల తరబడి చెప్పారు, ఆమె రాసింది. చివరి మందు చెప్పి, అంతేనమ్మా, ఇంకేం లేదు లోపల, అని స్తంభానికి జారబడి, పట్టపగలు, అలాగే నిద్రపోయారు. వల్లించుకోవలసిందేమీ లేకుండా ఎన్నేళ్ళకి పడుకున్నారో! పేరిందేవి ఆయన మీద ఉత్తరీయం కప్పి, రాయసగాళ్ళని గట్టిగా మాట్లాడొద్దని వేలు చూపించి, తన పని తను చేసుకుంది.

అందుకే చెబుతున్నానర్రా, ఏ సంగతికి ఆ సంగతిని ఒక్క చోట పదిలంగా పెట్టుకోండి, మిగతా చోట్ల దాని గుర్తు చాలు. అందరూ చల్లగా ఉన్నారు. కథేమో కంచి బండెక్కింది, మీరు దుప్పట్లోకెక్కండి.