తువ్వాల కింద బేరం

నువ్వు నమ్మవు. మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నా, ఇది విన్నాక "పోవయ్యా, కోతలు" అని నువ్వు అనకపోతే నా పేరు నాసరయ్యే కాదు. అయినా చెబుతా. చూసిన కళ్ళు నావి.

మా పశువుల సంతలో నా అంత బేరగాడు లేడు, అది ముందు రాసుకో. నాకెట్టాగూ రాయడం రాదు. కుంటెద్దుని నడిపించి చూపించకుండానే అమ్మినోణ్ణి నేను. అట్టాంటి నేను కూడా ఒక్క మనిషి ముందు కండువా దించేవాణ్ణి. దస్తగిరి బాబా. ఫకీరు. దర్గా అరుగు మీద కూచుని జనపనారతో ఎద్దుల మెడకి కట్టే పలుపులు పేనుకుంటా బతికేవాడు. "జ్ఞానం చెప్పు బాబా" అని వచ్చినోడి చేతిలో ఇంత నార పెట్టి, "ముందు పేను" అనేవాడు.

పలుపులకేం గిరాకీ అంటావేమో. మా దగ్గర ఎద్దునమ్మినోడు పలుపు ఇవ్వడు. పలుపు పోతే ఇంట్లో లక్ష్మి కూడా దాని వెంటే పోద్దంట. కొన్నోడు కొత్త పలుపు కొనుక్కోవాల్సిందే.

ఇంకో సంగతి. మా సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పుకుని, లోపల వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. పక్కనోడికి తెలవకూడదు.

బాబాకి ఇద్దరు శిష్యులు. పున్నయ్య పాతోడు, సైదులు మొన్న మొన్న వచ్చినోడు. ఇద్దరూ బాబా పేనిన పలుపులే తెచ్చి, సంతలో ఎదురెదురుగా పట్టాలు పరుచుకునేవాళ్ళు. ఒకటే నార, ఒకటే పేనుడు. అయినా పొద్దు నడినెత్తికి రాకముందే సైదులు పట్టా ఖాళీ. పున్నయ్య పట్టా మీద పలుపులు పాముల్లాగా చుట్టలు చుట్టుకుని అట్టాగే పడుండేవి.

పున్నయ్యకి కడుపుమంట. ఆ మంట మీద ఎసరు పెడితే బియ్యం ఉడికేవి. సైదులు చెయ్యి తువ్వాల కిందకి పోయినప్పుడల్లా వీడు మెడ సాచి అటే చూసేవాడు. వాడిలాగా ఎర్ర తువ్వాల కొన్నాడు. వాడిలాగా తల పక్కకి వంచి నవ్వాడు, కొనటానికొచ్చినోడు జడుసుకుని పోయాడు. ఒకసారి తెల్లారకముందే పోయి వాడి చోట్లో కూచున్నాడు. సైదులు పోయి వీడి చోట్లో కూచున్నాడు. గిరాకీ మొత్తం అటు తిరిగింది!

నవ్వుతావేందయ్యా? మీ తోడల్లుడు కొత్త ట్రాక్టరు తెచ్చిన రోజు నువ్వు అన్నం తిన్నావా? నాకు తెలుసులే.

పున్నయ్య కుళ్ళుకి మూలం ఒక మాట. సైదులు కొత్తలో బాబా వాడితో అన్నాడు, "అమ్మబాక అబ్బాయ్, బేరం చెయ్." గోడవతల పున్నయ్య విన్నాడు. అంతే. ఆ మాటలో ఏదో మంత్రముంది, అది తనకి చెప్పకుండా వాడికి చెప్పాడని బుర్రలో పడింది. ఇన్నేళ్ళు నీళ్ళు మోసింది తనైతే మంత్రం వాడికా?

ఆ మంత్రమేందో తేల్చుకుందామని టౌనుకి పోయి తెలుగు అయ్యోరి కాళ్ళ మీద పడ్డాడు. బేరం అంటే అర్థమేంది, ఆ మాట ఎక్కణ్ణించొచ్చింది అని అడిగి తెలుసుకున్నాడు. మళ్ళీ వారం సంతకి బాబా కూడా వచ్చాడు. పున్నయ్య చంకలో బట్టల మూటతో ఆయన ముందు నిలబడ్డాడు. నేను పక్కనే కూచుని అరటిపళ్ళు తింటన్నా.

"బాబా, వ్యవహారం అని పెద్దమాట ఉండేదంట. అది అరిగి బేహారం అయింది. ఇంకా అరిగి బేరం అయింది. ఇది సైదులుకి తెలుసా?"

"తెలవదు," అన్నాడు బాబా. "వాడికి వాళ్ళ నాయన పేరే సరిగ్గా పలకటం రాదు."

"మరి వాడి పట్టా ఎందుకు ఖాళీ అవుద్ది? నాదెందుకు అవదు? ఇయ్యాల తేలిపోవాల. వాడన్నా ఉండాల, నేనన్నా ఉండాల. చెప్పు, ఎవర్ని ఉంచుకుంటావ్?"

మాట కోపంగానే వచ్చింది గానీ, మూటని రొమ్ముకి అదుముకున్నాడు. నేను నమలడం ఆపా.

బాబా పట్టా మీద చతికిలబడ్డాడు. "నాకో పలుపు కావాల. బేరమాడు."

"నువ్వు పేనిన పలుపు నీకే అమ్మాలా?"

"కూచోరా."

తువ్వాల కప్పారు. లోపల వేళ్ళు వేళ్ళు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే సైదులు పట్టా దగ్గర గుంపు చేరింది, ఎవరో పకపకా నవ్వారు. పున్నయ్య కళ్ళు అటు పోయినయ్. పోయినయ్యి ఇక రాలా.

"చూడు బాబా, ఆ ముసలోణ్ణి పెదనాయనా అంటన్నాడు. వీడికి పెదనాయన ఎక్కణ్ణించొచ్చాడు?"

బాబా నా వైపు చూసి కనుబొమ ఎగరేశాడు. నా ఒళ్ళో నాలుగు పళ్ళు మిగిలిన అరటి హస్తం ఉంది, మేం అత్తమంటాం. తెలివిగలోణ్ణి గదా, అడక్కుండానే అందించా. బాబా దాన్ని మెల్లిగా తువ్వాల కిందకి తోసి, తన చెయ్యి తీసేసుకుని, లేచి టీ కొట్టుకి పోయాడు.

పున్నయ్య అరటిపళ్ళతో బేరమాడతన్నాడయ్యా!

"రెండు వేళ్ళకి రాదు బాబా," అని పండు పిసుకుతాడు. "అబ్బో, పట్టు మెత్తబడిందే! దారికొస్తన్నావ్." కళ్ళు మాత్రం సైదులు మీదే. "మూడు చెయ్. అదుగో, ఇంకోటి అమ్మాడు, చూడు, చూడు!" అని కసిగా నొక్కాడు. తువ్వాల మీద తడి మరక తేలింది. చుట్టూ జనం మూగారు. ఎద్దులు నెమరెయ్యడం ఆపి చూసినయ్, ఒట్టు.

బాబా టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటా వచ్చి, వాడి ఎదురుగా నిలబడ్డాడు.

"కుదిరిందా అబ్బాయ్?"

పున్నయ్య తలెత్తాడు. గ్లాసు చూశాడు. గ్లాసు మీద రెండు చేతులూ చూశాడు. మెల్లిగా తువ్వాల లాగాడు. వేళ్ళ సందుల్లో గుజ్జు.

సంత విరగబడి నవ్వింది. సైదులు ఒక్కడే నవ్వలా.

"ఎప్పుడు తీశావ్ బాబా చెయ్యి?" అన్నాడు పున్నయ్య, నాక్కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా.

"నువ్వు తీశాకే."

గ్లాసు వాడి ముందు పెట్టి బాబా దర్గా దారి పట్టాడు.

జనం పల్చబడ్డారు. పున్నయ్య మూట ఎత్తలా, విప్పలా. కాసేపటికి ఒక ముసలోడు, కొత్తగా కొన్న కోడెదూడ మెడ కావిలించుకుని, రొప్పుకుంటా వచ్చాడు.

"పలుపుందా నాయనా?"

పున్నయ్య చెయ్యి పంచెకి తుడుచుకుని తువ్వాల కప్పాడు. వేళ్ళు పట్టుకున్నాడు. ముసలోడి మొహంలోకి చూశాడు.

"చెయ్యి వణుకుతందేంది తాతా? పొద్దున్నించి ఏమన్నా తిన్నావా?"

టీ గ్లాసు అటు జరిపాడు. ఎదర సైదులు పట్టా దగ్గర మళ్ళీ ఎవరో పకపకా నవ్వారు. వీడు తల తిప్పలా.

ఏందా చూపు? అబద్ధమంటావా? ఆ రోజు సంతలో నువ్వున్నావా? లేవు. నేనున్నా. కాదని తేల్చగలిగిన మొనగాడెవడన్నా ఉంటే తోలుకురా, ఇక్కడే నా మీసం తీయించుకుంటా.